పేగుకు పౌడర్ సరే, మూత్రం పరీక్ష ఎప్పుడు?

మా హాస్టల్లో ఈ ఏడాది కొత్త దేవుడు వెలిశాడు. పేరు గట్ హెల్త్. మెస్‌లో పెరుగు కప్పు ముందు కూడా ఆయన నామస్మరణే. ఒకడు కొంబుచా అంటాడు, ఒకామె ప్రోబయోటిక్ క్యాప్సూల్ అంటుంది, ఇంకొకడు పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో ఏదో ఆకుపచ్చ పౌడర్ కలుపుకుని కళ్లు మూసుకుని తాగేస్తాడు. ఏందిరా అది అంటే, "లీకీ గట్ రా, పేగులకు చిల్లులు పడతాయి, అన్ని రోగాలకూ అదే మూలం" అని రీల్‌లో విన్నది విన్నట్టు అప్పజెప్తాడు. రాత్రి రెండింటికి మ్యాగీ తినే పేగుకు ఇంత మర్యాద దక్కడం చూస్తే నవ్వొస్తుంది. వాళ్ల డబ్బులు, వాళ్ల పేగులు. నాకేం అభ్యంతరం లేదు.

కానీ పోయిన నెల అదే వీడియో మా ఇంటికి చేరింది. నాయిన ఫోన్ చేసి, "బిడ్డా, గా పౌడర్ ఏందో జర చూడరాదు. పేగు మంచిగైతే షుగర్ దిగుతదంట, కిడ్నీ గూడ మంచిగుంటదంట. మీ పెద్దబాపుకు గూడ తెప్పిద్దాం" అన్నాడు.

మాది మాచారెడ్డి. కామారెడ్డి నుంచి సిరిసిల్ల పోయే తొవ్వలో ఉంటుంది. నాయినకు షుగర్ వచ్చి 11 ఏళ్లు. పెద్దబాపుకు అంతకన్నా ముందే వచ్చింది. ఏడాదిన్నర నుంచి ఆయన వారానికి మూడు రోజులు డయాలసిస్‌కు పోతున్నాడు. కాబట్టి నాయిన అడిగినదాన్ని నవ్వి కొట్టిపారేయడం నావల్ల కాలేదు. రెండు వారాలు సెమినార్ పని పక్కన పెట్టి దొరికిన పేపర్లన్నీ చదివాను. మన క్లబ్ పత్రికలో కవితలు, కథలు, ప్లేస్‌మెంట్ కన్నీళ్లు వస్తుంటాయి, మధ్యలో ఈ పేగులూ మూత్రమూ ఏంటని ముక్కు మూసుకోకండి. మన క్లాసులో ఎంతమంది ఇళ్లల్లో షుగర్ ఉందో ఒకసారి చేతులెత్తమంటే తెలుస్తుంది. 2023లో లాన్సెట్ డయాబెటిస్ అండ్ ఎండోక్రైనాలజీలో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు. ఇంకో 13.6 కోట్ల మంది ఆ గడపలో నిలబడి ఉన్నారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఆ వీడియోలో చెప్పిన సైన్స్‌లో చాలావరకు నిజం ఉంది. దాని పేరు చెప్పి అమ్ముతున్న పౌడర్‌కు మాత్రం ఆ సైన్స్‌తో చుట్టరికం కూడా లేదు. మా ఊళ్లో షుగర్ ఉన్నవాళ్లకు ఇవాళ కావాల్సింది ఒక మూత్రం పరీక్ష. దాని పేరే చాలామందికి తెలియదు.

నిజం ఉన్న భాగం నుంచి మొదలుపెడతా, ఎందుకంటే అది నిజంగా బాగుంటుంది. పేగు లోపలి గోడ ఒకే ఒక్క కణం మందం. పాత పుస్తకాల్లో దీని వైశాల్యం టెన్నిస్ కోర్టంత అని రాసేవాళ్లు. 2014లో స్వీడన్ పరిశోధకులు మళ్లీ కొలిచి, జీర్ణనాళం మొత్తం కలిపినా సుమారు 32 చదరపు మీటర్లే, అంటే సగం బ్యాడ్మింటన్ కోర్టంత అని తేల్చారు. ఆ సగం కోర్టుకు ఇటు పక్క లక్షల కోట్ల బ్యాక్టీరియా, అటు పక్క మన రక్తం. కణానికీ కణానికీ మధ్య ఉన్న సందుల్ని కొన్ని ప్రొటీన్లు అల్లుకుని బిగించి ఉంచుతాయి. వాటినే టైట్ జంక్షన్లు అంటారు. సివిల్ వాళ్ల భాషలో కణాలు ఇటుకలైతే ఇవి మధ్యలో సిమెంటు. కాకపోతే ఈ గోడ మూడు నుంచి ఐదు రోజులకోసారి తన ఇటుకలన్నీ మార్చేసుకుంటుంది, ఇల్లు ఖాళీ చేయించకుండానే. అది ఏ కాంట్రాక్టర్ వల్లా కాదు.

ఇప్పుడు షుగర్ ఎక్కడొచ్చింది? 2018లో సైన్స్ పత్రికలో ఇజ్రాయెల్ వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల పేపర్ ఒకటి వచ్చింది. రక్తంలో గ్లూకోజ్ ఎక్కువైతే పేగు కణాలు గ్లుట్2 అనే ద్వారం గుండా దాన్ని లోపలికి తీసుకుంటాయి, దాంతో ఆ కణాల పనితీరు మారి అతుకులు వదులవుతాయి అని ఎలుకల్లో చూపించారు. మనుషుల్లో కూడా మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ ఎంత ఎక్కువుంటే రక్తంలో బ్యాక్టీరియా తునకలు అంత ఎక్కువ కనిపించాయి. అంతకుముందు 2007లోనే పాట్రిస్ కాని అనే బెల్జియం శాస్త్రవేత్త బృందం దీన్ని ఇంకో వైపు నుంచి పట్టుకుంది. కొన్ని బ్యాక్టీరియాల పైపొరలో లిపోపాలీశాకరైడ్ అనే పదార్థం ఉంటుంది. కొవ్వు ఎక్కువున్న తిండి పెట్టిన ఎలుకల్లో అది రక్తంలోకి రెండు మూడు రెట్లు ఎక్కువ చేరింది. చేరితే ఒంట్లో సన్నటి మంట మొదలవుతుంది. జ్వరంలా బయటపడదు, లోపల కుంపటిలా రాజుకుంటూ ఉంటుంది. ఇన్సులిన్ మాట కణాలు వినకపోవడం దాంతో పెరుగుతుంది.

కిడ్నీ సంగతికొస్తే, అదీ ఒక గోడే. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల చిన్న వడపోత యంత్రాలు. రెండూ కలిసి రోజుకు 180 లీటర్ల దాకా వడగట్టి, అందులో లీటరున్నరో రెండు లీటర్లో తప్ప మిగతాదంతా తిరిగి రక్తానికి ఇచ్చేస్తాయి. ఏళ్ల తరబడి షుగర్, బీపీ ఎక్కువుంటే ఈ జల్లెడ సాగిపోయి, రక్తంలో ఉండాల్సిన అల్బుమిన్ అనే ప్రొటీన్ మూత్రంలోకి జారిపోతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తా.

ఈ రెండు గోడలు ఒకదాన్నొకటి పాడుచేసుకుంటాయన్నదే అసలు కథ. కిడ్నీ మందగిస్తే రక్తంలో యూరియా పెరుగుతుంది. పెరిగిన యూరియా పేగులోకి దిగుతుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని అమ్మోనియాగా మారుస్తాయి. అమ్మోనియా పేగు గోడ అతుకుల్ని తింటుంది. కాలిఫోర్నియాలో నస్రతొల్లా వజీరీ బృందం 2012లో ఎలుకల్లో, ల్యాబ్‌లో పెంచిన కణాల్లో ఇది చూపించింది. ఇంకో దారి కూడా ఉంది. తిన్న ప్రొటీన్‌లో అరగక పెద్దపేగుకు చేరినదాన్ని బ్యాక్టీరియా కుళ్లబెట్టి ఇండోల్, పీ-క్రెసాల్ లాంటివి తయారుచేస్తాయి. ఒంట్లో రూపు మారాక అవి ఇండాక్సిల్ సల్ఫేట్, పీ-క్రెసిల్ సల్ఫేట్ అవుతాయి. మంచి కిడ్నీ అయితే బయటికి తోసేస్తుంది. పాడైన కిడ్నీలో అవి పేరుకుని దాన్నే ఇంకా పాడుచేస్తాయి. పైగా రక్తంలోని అల్బుమిన్‌ను అతుక్కుని ఉంటాయి కాబట్టి డయాలసిస్ మిషన్‌కు కూడా సరిగ్గా చిక్కవు. ఇవి నిజంగా పేగులోంచే వస్తాయా అన్న అనుమానం 2011లో తీరింది. డయాలసిస్ మీద ఉన్నవాళ్లలో, ఆపరేషన్‌తో పెద్దపేగు తీసేసినవాళ్ల రక్తాన్ని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు పరీక్షిస్తే, ఈ రెండు విషాలూ మిగతావాళ్లకంటే చాలా తక్కువ ఉన్నాయి.

కంట్రోల్ సిస్టమ్స్ సప్లీ రాసిన వాళ్లకు కూడా ఇదేంటో తెలుసు. షుగర్ పేగును వదులు చేస్తుంది, వదులైన పేగు మంటను పెంచుతుంది, మంట షుగర్‌నూ కిడ్నీనీ చెడగొడుతుంది, చెడిన కిడ్నీ మళ్లీ పేగును తినేస్తుంది. పాజిటివ్ ఫీడ్‌బ్యాక్. పేరులో పాజిటివ్ ఉన్నందుకు మొదటి క్లాసులో మనమంతా మంచిదే అనుకుంటాం చూడండి, అదే.

ఇంతవరకు వీడియో అన్న చెప్పింది పెద్ద తప్పేం కాదు. "కాబట్టి ఈ డబ్బా కొనండి" అన్న దగ్గరే తీగ తెగింది. పైన చెప్పిన పరిశోధనల్లో చాలావరకు ఎలుకలవి. మనుషుల్లో పేగు వదులవడం, కిడ్నీ పాడవడం కలిసి కనిపిస్తున్నాయి, కానీ పేగును బాగుచేస్తే కిడ్నీ ఆగుతుందని గట్టిగా రుజువు చేసిన ట్రయల్ లేదు. ప్రయత్నాలు జరగలేదని కాదు. పేగులోని ఈ విషాలను పీల్చేయడానికి జపాన్‌లో ఏఎస్‌టీ-120 అనే బొగ్గు గోళీలను 1991 నుంచి వాడుతున్నారు. ఆలోచన చక్కనిది. కానీ రెండు వేల మందికి పైగా పెట్టి చేసిన అంతర్జాతీయ ట్రయల్స్ ఫలితాలు 2015లో వస్తే, కిడ్నీ క్షీణత ఆగలేదు. 2016లో ఆస్ట్రేలియాలో ప్రోబయోటిక్, ప్రీబయోటిక్ కలిపి కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఇచ్చి చూశారు. పీ-క్రెసిల్ సల్ఫేట్ తగ్గింది, ముఖ్యంగా తగ్గించాలనుకున్న ఇండాక్సిల్ సల్ఫేట్ మాత్రం చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు. పాల్గొన్నది నలభై మంది లోపే. ఇంత కష్టపడి, డాక్టర్ల పర్యవేక్షణలో చేసినవాటి గతే ఇదైతే, డబ్బా మీద ఏ బ్యాక్టీరియా ఎంతుందో కూడా సరిగ్గా రాయని పౌడర్ ఏం చేస్తుంది?

ఇంకో ముచ్చట. "మీ జోనులిన్ టెస్ట్ చేయించుకోండి" అని కూడా అమ్ముతున్నారు. జోనులిన్ అనేది టైట్ జంక్షన్లను వదులు చేసే ప్రొటీన్, అలెసియో ఫసానో బృందం 2000లో కనిపెట్టింది. తీరా 2018లో జర్మనీ వాళ్లు మార్కెట్లో బాగా వాడే టెస్ట్ కిట్‌ను పరీక్షిస్తే, అది అసలు జోనులిన్‌ను పట్టుకోవడమే లేదు, ఇంకేదో ప్రొటీన్‌ను కొలుస్తోంది. అంటే వోల్ట్ మీటర్ అని కొన్నది థర్మామీటర్ అయినట్టు.

పౌడర్ మంచి చేయకపోయినా చెడు చేయదు కదా, మొక్కల మందే కదా అంటారు. కిడ్నీ సంగతిలో ఆ ధైర్యం వద్దు. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో ఒక బరువు తగ్గించే క్లినిక్‌కు పోయిన ఆడవాళ్లకు వరసగా కిడ్నీలు పోయాయి. ఆరా తీస్తే, వాళ్లకిచ్చిన మూలికల పొడిలో అరిస్టోలోకియా జాతి మొక్క కలిసింది. వంద మందికి పైగా బలయ్యారు, తర్వాత కొందరికి మూత్రనాళంలో క్యాన్సర్ కూడా వచ్చింది. అవన్నీ ముందు బాగున్న కిడ్నీలే. ఇక మా నాయిన లాంటి వాళ్ల సంగతి ఆలోచించండి.

పెద్దబాపు ముచ్చట చెప్పాలి. ఆయన షుగర్ గోళీలు ఏ రోజూ మానలేదు. చెయ్యి సూదితో గుచ్చి షుగర్ చూడటం, బీపీ చూడటం, గోళీలు ఇవ్వడం, అన్నీ జరిగాయి. పన్నెండు పదమూడేళ్లలో ఒక్కసారి కూడా ఎవరూ మూత్రంలో అల్బుమిన్ చూడమనలేదు. కాళ్లు ఉబ్బి, చెప్పు పట్టకపోతే అప్పుడు రక్త పరీక్ష చేయించారు. క్రియాటినిన్ చూసిన డాక్టర్ కాగితం మీద నుంచి కళ్లెత్తలేదట. పెద్దమ్మ ఇప్పటికీ ఆ మాటే చెప్తుంది, "ఆయన మొకం జూస్తెనే నాకు సమజైంది" అని. క్రియాటినిన్‌తో వచ్చిన చిక్కే అది. కిడ్నీ పని సగం దాకా పోయాకే ఆ అంకె గట్టిగా పైకి లేస్తుంది. అల్బుమిన్ మాత్రం చాలామందిలో దానికి ఏళ్ల ముందే మూత్రంలో కనిపిస్తుంది.

ఇంకోటి కూడా ఉంది. పెద్దబాపుకు మోకాళ్ల నొప్పులు. నాట్లప్పుడు, మక్క విరిచేటప్పుడు సాయంత్రం అయ్యేసరికి ఊళ్లో ఇంజక్షన్, ఒక్కోసారి గోళీ. పెద్దమ్మకు బీడీలు చుట్టీ చుట్టీ నడుము, మెడ. కామారెడ్డి, నిజామాబాద్ దిక్కు ఆడవాళ్లకు చాట ఒళ్లో పెట్టుకుని పొద్దంతా వంగి కూర్చోవడం, తునికాకు కత్తిరించడం, రాత్రికి నొప్పి గోళీ వేసుకోవడం ఎంత మామూలో మీలో ఆ ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకు చెప్పక్కర్లేదు. డైక్లోఫెనాక్ లాంటి ఆ నొప్పి మందులు కిడ్నీకి రక్తం అందించే నాళాలను బిగదీస్తాయి, షుగర్ ఉన్న కిడ్నీకి అది ఇంకా ప్రమాదం. ఇదే మందు పేగు గోడను కూడా వదులు చేస్తుందని చదివినప్పుడు కాసేపు లాప్‌టాప్ మూసి కూర్చున్నా. లీకీ గట్ గురించి గొంతు చించుకునే వీడియోల్లో ఒక్కదాంట్లో కూడా నొప్పి గోళీ మాట నాకు వినబడలేదు. దాన్ని మానేయమంటే అమ్ముకోవడానికి ఏమీ ఉండదు మరి. మానేసి పనికి ఎలా పోవాలన్నది వేరే ప్రశ్న, దానికి నా దగ్గర జవాబు లేదు. దినం కూలీ పోతే ఇల్లు నడవని చోట "విశ్రాంతి తీసుకోండి" అని చెప్పడం నాకు చేతకాదు. కనీసం ఇంజక్షన్ ఇచ్చే ఆయనకు "నాకు షుగరున్నది, కిడ్నీకి ఇబ్బంది లేనిది ఇయ్యి" అని చెప్పడమైనా అలవాటు కావాలి.

ఇప్పుడు ఆయనకు వారంలో 168 గంటలు పనిచేయాల్సిన కిడ్నీ బదులు 12 గంటల మిషన్ ఉంది. నాలుగు గంటల ఒక్కో సిట్టింగ్‌కు, నిమిషానికి 500 మిల్లీలీటర్ల లెక్కన, శుద్ధి చేసిన నీళ్లతో కలిపిన ద్రావణం 120 లీటర్లు కావాలి. ఖర్చు ఆరోగ్యశ్రీ చూసుకుంటుంది, ఆ పథకమే లేకపోతే మా పొలం ఈపాటికి ఉండేది కాదు. కానీ పోయిన రోజంతా పోయినట్టే, తోడు పోయిన పెద్దమ్మ రోజు కూడా. వచ్చాక ఆయన గోడకు తిరిగి పడుకుంటాడు. దాహమేస్తే నోట్లో నీళ్లు పుక్కిలించి ఊసేస్తాడు, తాగే నీళ్లకు కొలత ఉంది కాబట్టి.

మొదటిసారి ఆ మిషన్ పక్కన కూర్చున్నప్పుడు దీన్ని ఎవరు కనిపెట్టారా అని వెతికితే ఒక సంగతి దొరికింది. 1943లో, జర్మన్లు ఆక్రమించిన నెదర్లాండ్స్‌లో, విల్లెం కోల్ఫ్ అనే డాక్టర్ చేతికి దొరికిన సామానుతో మొదటి కృత్రిమ కిడ్నీ చేశాడు. చెక్క డ్రమ్ముకు చుట్టిన వడపోత గొట్టం ఏంటో తెలుసా? మాంసం కూరి సాసేజ్‌లు చేసే సెల్లోఫేన్ తొడుగు. అంతకుముందు సాసేజ్ తొడుగంటే జంతువు పేగే. పేగు స్థానంలో వచ్చిన వస్తువుతో కిడ్నీ చేశాడన్నమాట. రెండూ గోడలే అని పైన నేనన్నది ఆయనకు ఎనభై ఏళ్ల కిందటే చేతుల్లో తెలిసి ఉంటుంది.

కిడ్నీ అనగానే మనకు ఉద్దానం గుర్తొస్తుంది. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, పలాస చుట్టుపక్కల కొబ్బరి తోటల్లో షుగర్, బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీలు పోవడం, కారణం ఇప్పటికీ పూర్తిగా తేలకపోవడం అందరికీ తెలిసిందే. దాని మీద వార్తలు వచ్చాయి, పలాసలో 2023 డిసెంబర్‌లో పరిశోధన కేంద్రం, ఆస్పత్రి తెరిచారు. రావాల్సిందే. మా వైపు జబ్బుకు అలాంటి మిస్టరీ లేదు, అందుకే వార్త కూడా కాదు. కారణం తెలుసు, ఎలా పట్టుకోవాలో తెలుసు, ఎలా మందగింపజేయాలో కూడా తెలుసు. 2012లో వచ్చిన భారత కిడ్నీ జబ్బుల రిజిస్ట్రీ నివేదికలో అన్నిటికన్నా పెద్ద కారణం షుగరే, 31 శాతం. తెలిసిన కారణంతో పోతున్న కిడ్నీల మీద నాకు ఎక్కువ కోపం వస్తుంది.

ఆ పట్టుకునే పరీక్ష పేరు యూరిన్ అల్బుమిన్-క్రియాటినిన్ రేషియో. చీటీ మీద యూఏసీఆర్ అని రాస్తారు. ఒక చిన్న డబ్బా మూత్రం చాలు, పొద్దున లేవగానే పోసినదైతే మంచిది. 30 లోపు ఉంటే సరే. 30 నుంచి 300 మధ్య అయితే జల్లెడ కారడం మొదలైందని. జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ముందురోజు విపరీతమైన పని ఉంటే తప్పుగా ఎక్కువ చూపొచ్చు కాబట్టి కొన్ని నెలల్లో మళ్లీ చేసి నిర్ధారిస్తారు. రక్తంలో క్రియాటినిన్ చూసి ఈజీఎఫ్‌ఆర్ లెక్క కట్టడం దీనికి జత. టైప్ 2 షుగర్ బయటపడిన రోజే ఒకసారి, తర్వాత ఏడాదికోసారి ఈ రెండూ చేయాలని ప్రపంచమంతా గైడ్‌లైన్లు చెప్తున్నాయి. ప్రైవేటు ల్యాబ్‌లో కొన్ని వందల రూపాయలు. ఆ పౌడర్ డబ్బా దానికంటే ఖరీదు.

పట్టుకుంటే ఏం లాభం, మందు లేదు కదా అనే మాట పాతది. బీపీకి వాడే రామిప్రిల్, టెల్మిసార్టాన్ జాతి మందులు ఆ కారడాన్ని తగ్గిస్తాయని చాలా ఏళ్లుగా తెలుసు. తర్వాత షుగర్‌ను మూత్రంలోంచి పంపే ఎస్‌జీఎల్‌టీ2 మందులు వచ్చాయి. 2019లో క్రెడెన్స్, 2020లో డాపా-సీకేడీ ట్రయల్స్‌లో అవి కిడ్నీ క్షీణతను గట్టిగా నెమ్మదింపజేశాయి. క్రెడెన్స్‌లో కిడ్నీ ఫెయిల్ కావడం లాంటి పెద్ద ప్రమాదాలు 30 శాతం తగ్గాయి. వీటిలో డాపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ మన దేశంలో 2020లో, ఎంపాగ్లిఫ్లోజిన్‌ది 2025 మార్చిలో ముగిశాయి. మన కంపెనీలే చేయడం మొదలుపెట్టాక ధర బాగా దిగింది. అందరికీ పడవు, ఎవరికి ఇవ్వాలో డాక్టరే తేల్చాలి. కానీ అల్బుమిన్ చూడనిదే ఆ సంభాషణే మొదలు కాదు.

అయితే పేగు మాట పూర్తిగా వదిలేయాలా అంటే, అదీ కాదు. పేగు గోడ కణాలకు ఇష్టమైన తిండి బ్యూటిరేట్. మనం తిన్న పీచును పెద్దపేగులో బ్యాక్టీరియా పులియబెడితే అది తయారవుతుంది. 2018లో షాంఘైలో ఝావో లిపింగ్ బృందం షుగర్ ఉన్నవాళ్లకు రకరకాల పీచు ఎక్కువున్న తిండి పెడితే, ఇలాంటి ఆమ్లాలు చేసే బ్యాక్టీరియా పెరిగాయి, హెచ్‌బీఏ1సీ కూడా ఎక్కువ దిగింది. ఇక మన లెక్క చూడండి. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం వంద గ్రాముల జొన్నల్లో పీచు 10 గ్రాముల పైన, ఎండు మక్కల్లో 12. పాలిష్ బియ్యంలో 3 కూడా లేదు. మా అవ్వ మక్క గట్క, జొన్న గట్క చల్ల పోసుకుని తిన్న మనిషి. మేం మూడు పూటలా అన్నం.

ఇక్కడ చాలామంది "మన పూర్వీకులు" అని మొదలుపెడతారు. నాకు ఆ పాట పడదు. అవ్వ గట్క తిన్నది బియ్యం దొరకక. పండుగకే అన్నం వండుకున్న ఇంట్లో బియ్యం రావడం గౌరవం. అందులోని పీచు లెక్క అప్పుడు ఎవరికి కావాలి? జిల్లాలో నిజాంసాగర్ ఉన్నా మా వైపు బోర్లే దిక్కు, ఆ బోర్ల కింద కూడా వరి పోశాం. 2025 ఉగాది నుంచి రేషన్‌లో మనిషికి ఆరు కిలోల సన్న బియ్యం ఉచితంగా వస్తున్నాయి. నేను దానికి వ్యతిరేకం కాదు, దొడ్డు బియ్యం కోళ్లకు పోసిన రోజులు చూశాం. అయితే సన్నవైనా దొడ్డువైనా పాలిష్ పడ్డాక పీచు సంగతిలో పెద్ద తేడా ఉండదు. అదే సంచిలో రెండు కిలోల జొన్నలు ఇస్తే ఎంత బాగుండు. షుగర్ గోళీలతో పాటు జొన్నలు ఇచ్చే పల్లె దవాఖానాను ఊహించుకుంటే నాకు నవ్వూ వస్తుంది, ఎందుకు కాకూడదనీ అనిపిస్తుంది.

ఒక్క హెచ్చరిక. ఇది నాయిన లాంటి వాళ్లకు, అంటే కిడ్నీ ఇంకా గట్టిగా ఉన్నవాళ్లకు. పెద్దబాపుకు కాదు. డయాలసిస్ దాకా వెళ్లినవాళ్లకు పొటాషియం పేరుకుంటే గుండె ఆగే ప్రమాదం ఉంది. ఆకుకూరలు, పండ్లు, కొబ్బరినీళ్లు కూడా లెక్క చూసే తినాలి. "పీచు మంచిది" అని వాట్సాప్‌లో చూసి అలాంటి మనిషికి బలవంతంగా పెట్టకండి. ఆరోగ్యకరమైనదే ఆయనకు విషం కావొచ్చు. ఆకుపచ్చ పౌడర్లలో ఏ ఆకులు ఎండబెట్టి కొట్టారో మరి.

నాయినకు ఫోన్‌లో ఇదంతా చెప్పలేదు. "పౌడర్ వద్దు. రేపు పొద్దున లేవంగనే మూత్రం డబ్బాల పట్టుకొని కామారెడ్డి పో, చీటీ నేను పంపుతా" అన్నా. "గదేం పరీక్ష, ఎవ్వరు చెప్పలే" అన్నాడు. రిపోర్టులో 64 వచ్చింది. 30 దాటింది, 300 చాలా దూరం. మూడు నెలలకు మళ్లీ చేయాలి. డాక్టర్ బీపీ గోళీ మార్చి, కొత్త గోళీ ఒకటి కలిపాడు. పెద్దమ్మ ఆ కాగితం చేతిలోకి తీసుకుని, అంకెలు చదవడం రాకపోయినా చాలాసేపు చూసింది. "గప్పుడు మీ పెద్దబాపుకు గూడ చేసి ఉంటే ఎంతుండేదో" అంది. ఎవరూ ఏమీ అనలేదు.

ఇక మనం. మన ఎన్‌ఎస్‌ఎస్ వాళ్లు ప్రతి ఏడాది ఏదో ఊళ్లో ఏడు రోజుల క్యాంప్ పెడతారు. రోడ్డు ఊడ్చి, మొక్కలు నాటి, ఫొటో దిగి వస్తాం. చివరి రోజు మెడికల్ క్యాంపులో బీపీ, షుగర్ చూసి పంపిస్తారు. ఈసారి ఆ లిస్టులో యూఏసీఆర్ చేర్చాలని నా కోరిక. మామూలు డిప్‌స్టిక్ ముంచితే సరిపోదు, అది ఎక్కువ కారుతున్నప్పుడే రంగు మారుతుంది. డబ్బాలు సేకరించి ల్యాబ్‌కు పంపాలి. కామారెడ్డిలో 2023 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. అక్కడి విద్యార్థులు మన వయసువాళ్లే, అడిగితే కాదంటారని అనుకోను. అడగాల్సిన ఉత్తరం నేను రాస్తా, మన కోఆర్డినేటర్ సార్ సంతకం కావాలి. ఊరు ఇంకా ఖరారు కాలేదని విన్నా. మాచారెడ్డి మండలంలో పెడితే బస అక్కడి బడిలో దొరుకుతుంది, వంట సంగతి పెద్దమ్మను అడుగుతా, ఆమెకు డయాలసిస్ లేని రోజులు చూసుకుని. డబ్బాలు ముందురోజు రాత్రే పంచాలి, పొద్దున ఆరులోపు పోయి తెచ్చుకోవాలి, ఆ తర్వాత వెళ్తే అందరూ పొలానికి పోయి ఉంటారు. పొద్దున లేవగలిగినవాళ్లు పేర్లు ఇవ్వండి.